సున్నా రాసిన సారు

నిన్న పొద్దున పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తూ ఉంటే మండలాల వారీగా వాన లెక్కల పట్టిక కనబడింది. బెళుగుప్ప పేరుకు ఎదురుగా అంకె లేదు. చిన్న అడ్డగీత ఒకటి గీసి వదిలేశారు. అది చూడగానే ఆయన గుర్తొచ్చాడు. ఉండి ఉంటే ఆ పేపరు చంకలో పెట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చేవాడు. "గీత పెట్టినారు సూడప్పా. పోయి సూసినారో లేదో ఎవునికి తెల్సు?" అని గొడవ వేసుకునేవాడు. గీతకూ సున్నాకూ తేడా తెలియనివాళ్ళు పేపరు ఎందుకు నడపాలని తీర్పు కూడా చెప్పేవాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్ళను తలుచుకుంటే మనసు బరువెక్కుతుందని అందరూ అంటారు. నాకు సిగ్గు వేస్తుంది. ఆయన్ను తలుచుకున్న ప్రతిసారీ అదే.

ఆయన మా హైస్కూల్లో లెక్కల మేష్టరు. బెళుగుప్ప నుంచి ఆరేడు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక బోడిగుట్ట కింద ఉండేది మా బడి. నేను అక్కడ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఊరివాళ్ళు ఆయన్ను లెక్కలప్ప అనేవాళ్ళు, నేనూ అదే అంటాను. అసలు పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పలికే యోగ్యత నాకుందని నాకనిపించడం లేదు.

లెక్కలప్ప సగం మేష్టరు, సగం రైతు. పక్క ఊర్లో పదెకరాల మెట్ట ఉండేది. తెల్లవారుజామునే చేనికి పోయి, అటునుంచి అటే సైకిలు మీద బడికొచ్చేవాడు. మడమల పగుళ్ళలో ఎర్రమట్టి, జేబులో సుద్దముక్కలూ వేయించిన సెనిక్కాయలూ కలిసి ఉండేవి. ఒకసారి పాఠం మధ్యలో పరధ్యానంగా సుద్దముక్క నోట్లో వేసుకుని నమిలాడు. పిల్లలు నవ్వేలోపలే తేరుకుని, "సున్నం రా, ఎముకలకు మంచిది" అని మింగేశాడు.

ఎవరైనా జవాబు చెబితే అది తప్పో ఒప్పో వెంటనే చెప్పేవాడు కాదు. "ఇంగోసారి" అనేవాడు. ఒప్పు చెప్పినవాళ్ళకు కూడా దడ పుట్టి జవాబు మార్చేసేవాళ్ళు. అప్పుడు అంత ఎత్తున లేచేవాడు. "ముందు సెప్పిందే రైటు గదరా! ఎవురో ఇంగోసారి అన్యారని మార్చుకుంటావా? నీ లెక్క మీద నీకు నమ్మకం ఉండొద్దూ?" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు మా బడికి రెండు కంప్యూటర్లు ఇచ్చారు. హెడ్మాస్టరు ఒక గదికి పచ్చ పరదాలు కట్టించి, చెప్పులు బయట విడవాలని బోర్డు రాయించి, టెంకాయ కొట్టి తెర మీద కుంకుమ బొట్టు పెట్టాడు. లెక్కలప్ప చేతులు కట్టుకుని అంతా చూసి, "బొట్టు పెడ్తిరి, బాగుండాది సార్. కరెంటు ఎవురు పెడ్తారు?" అన్నాడు.

కంప్యూటర్లతో పాటే ఇంగ్లండులో ఒక చిన్న ఊరి బడితో మా బడికి జత కుదిరింది. రెండు బళ్ళ పిల్లలూ ప్రతిరోజూ వాన కొలవాలి. ఆ అంకెలు కంప్యూటర్లో ఎక్కించి, ఉత్తరాలతో సహా వారానికోసారి ఒకరికొకరు పంపుకోవాలి. మా ఊర్లో ఇంటర్నెట్టు లేదు. నా కాపురం అనంతపురంలో కాబట్టి, పిల్లలు శుక్రవారం సిద్ధం చేసిన ఫ్లాపీ శనివారం నా సంచిలో బస్సెక్కేది. టవర్ క్లాక్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని ఈమెయిలు పంపి, వాళ్ళ ఉత్తరాలు అచ్చు తీయించి సోమవారం తెచ్చేవాణ్ణి. అంటే రెండు దేశాల నడుమ తపాలా బంట్రోతును నేనే. కానీ నా నడక మాత్రం రాయబారి నడకలాగా మారిందని మా ఆవిడ ఎగతాళి చేసేది.

వాన కొలిచే గొట్టం బాధ్యత ఎవరూ అడక్కుండానే లెక్కలప్ప నెత్తికెత్తుకున్నాడు. బడి ఆవరణలో దాన్ని పాతించి, మేకలు పడదోయకుండా చుట్టూ ముళ్ళకంప నాటించాడు. ఎండకు ఫ్లాపీలో ఉన్నదంతా కరిగిపోతుందేమోనని, మజ్జిగకుండకు చుట్టినట్టు దానికి తడిగుడ్డ చుట్టి నాకు ఇవ్వబోయాడు ఒకసారి. మౌసు పట్టుకోవడం చివరిదాకా ఆయనకు చేతకాలేదు, మీటలు వెతుక్కుని అంకెలు కొట్టడం మాత్రం నేర్చుకున్నాడు. పిల్లల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "ఈడ మీరు సార్లు, నేను పిల్లోణ్ణి. తప్పు సేస్తే సెవి మెలిపెట్టండి" అనేవాడు. ఒకరోజు అంజినమ్మ నిజంగానే మెలిపెట్టింది. గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

అంజినమ్మ తొమ్మిదో తరగతి పిల్ల. వాళ్ళది గొర్రెల కాపరుల ఇల్లు. అంతకుముందు వారానికి మూడు రోజులు బడికి వస్తే గొప్ప. గొట్టం చూసినవాళ్ళే ఆ అంకెను కంప్యూటర్లో ఎక్కించవచ్చని లెక్కలప్ప షరతు పెట్టాక, ఆ పిల్ల రోజూ ఎనిమిదింటికల్లా కంప దగ్గర ఉండేది. ఆ పిల్లను చూసి ఇంకో పదిమంది తయారయ్యారు. ఎన్ని ఉపన్యాసాలకూ లొంగని హాజరు ఒక గొట్టానికి లొంగింది.

ఒకరోజు ఎవరో గొట్టం దగ్గరికి పోకుండానే పుస్తకంలో సున్నా రాశారు. ఎండ దంచేస్తూ ఉంది, పోయి చూసేదేముందనుకున్నారు. లెక్కలప్ప ఆ సున్నా కొట్టేశాడు.

"పోయి, సూసి, లేదని తెల్సుకోని రాస్తే అది సున్నా. పోకుండా రాస్తే అబద్ధం."

"రెండూ ఒకే మాదిరి ఉంటాయి గద సార్?" అంది అంజినమ్మ.

"సూసేవానికి ఒకే మాదిరే పాపా. రాసినోనికి తెల్సు."

వాన పడిన మరునాడు పిల్లల్ని పక్క చేనికి తోలుకుపోయేవాడు. పుల్లతో గుంత తీసి, తడి ఎంత లోతు దిగిందో వేళ్ళతో కొలిపించేవాడు. దాన్ని మేము పదును అంటాం. విత్తనం వేయాలా వద్దా తేల్చేది అదే. "గాజు గలాసు లెక్క పంపీ. దాని పక్కన నాలుగు వేళ్ళ పదును అని గూడా రాయి. వాళ్ళ నేల ఎంత తాగిందో వాళ్ళు గూడా సూసుకోనీ" అని నాతో రాయించాడు. ఇంగ్లండు పిల్లలు నిజంగానే తోటలో తవ్వి చూసి, ఎంత తవ్వినా తడే ఉంది, మా పార చాలడం లేదు అని జవాబు రాశారు. "సెరువులో కాపరముండారేమప్పా!" అని ఆశ్చర్యపోయాడు. ఇంకోసారి, వాన పడితే మీ బడికి సెలవా అని అడిగించాడు. మా ఊర్లో విత్తేంత వాన పడితే పిల్లలంతా విత్తనానికి పోతారు, బడికి తాళమే. అలా సెలవిస్తే మేము ఎప్పటికీ బడికి పోము అని వాళ్ళు రాశారు. ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వారం రోజులు కనబడిన ప్రతివాడికీ చదివించాడు.

ఆ ఏడాది జూన్‌లో రెండు వానలు పడ్డాయి. ఊరంతా సెనిక్కాయ విత్తారు. ఆ తర్వాత ఆకాశం మొహం చాటేసింది. జులై అంతా సున్నాలే. ఆగస్టులోనూ సున్నాలే. పిల్లలు మాత్రం రోజూ పోయి, చూసి, లేదని తెలుసుకుని రాశారు. వాళ్ళకు విసుగు పుట్టలేదు. పుట్టింది నాకు.

ఇంగ్లండు ఉత్తరాలు మారసాగాయి. మీ గొట్టానికి చిల్లు పడిందేమో చూసుకోండి అని ఒక పిల్లవాడు. కొలవడం మరిచిపోతున్నారా అని ఒక పిల్ల. పదేళ్ళ పిల్లలు, వాళ్ళకు ఏ దురుద్దేశమూ లేదు. కానీ నెట్ సెంటర్లో, నలుగురు కుర్రాళ్ళ మధ్య కూర్చుని ఆ మాటలు చదువుతుంటే కలిగినవాళ్ళ పెళ్ళికి చిరిగిన చొక్కాతో పోయినట్టుండేది. మేము గీస్తున్న వాన పటంలో మీ వైపు ఖాళీగా ఉండడంతో మా పిల్లలకు ఉత్సాహం తగ్గుతోంది అని వాళ్ళ టీచరమ్మ రాసిన రోజు నాకు భయం పట్టుకుంది. వీళ్ళు మమ్మల్ని వదిలేసి పచ్చగా ఉన్న ఇంకో ఊరిని వెతుక్కుంటారేమో, అప్పుడు నా రాయబారం ఏమైపోవాలి?

ఆ శనివారం ఒక సున్నా చెరిపి ఆరు అని కొట్టాను. చేయి వణికిందని రాస్తే బాగుంటుంది. వణకలేదు.

వారం తిరక్కుండా ఫొటో వచ్చింది. క్లాసులో ముప్పై మంది పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, బోర్డు మీద గొడుగు బొమ్మ. దాన్ని అచ్చు తీయించి మా పిల్లలకు చూపించాను. ఎందుకు సార్ సప్పట్లు కొడ్తాండారు అని అడిగితే, మనకు వాన రావల్లని కోరుకుంటాండారు అని చెప్పాను. లెక్కలప్ప ఆ ఫొటోను చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. "మంచి పిల్లోళ్ళప్పా" అన్నాడు. ఆ మాటతో నేను ఆగి ఉండాల్సింది.

ఆగలేదు. ఇంకో వారం నాలుగు, ఇంకో వారం తొమ్మిది. సెప్టెంబరులో ఒకరోజుకు పదకొండు. దాని కింద అంజినమ్మ పేరుతో ఉత్తరం కూడా నేనే రాశాను. మేమందరం వానలో గంతులేశాం, మా నాయన చాలా రోజుల తర్వాత నవ్వాడు అని. చాలా మంచి ఇంగ్లీషు. ఆ రోజుకు అంజినమ్మ నాయన ఊర్లోనే లేడు, మేత లేక గొర్రెలను మడకశిర దిక్కుకు తోలుకుపోయి ఉన్నాడు.

జనవరిలో ఆ టీచరమ్మ స్వయంగా వచ్చింది. బడంతా వరసల్లో నిలబడింది. హెడ్మాస్టరు పక్కన ఆమె, ఆమె పక్కన దుబాసీగా నేను. ఆమె చుట్టచుట్టి తెచ్చిన పెద్ద రంగుల పటం విప్పి గోడకు అంటించింది. వాళ్ళ వాన నీలం గీతలు, మా వాన ఎర్ర గీతలు. సెప్టెంబరులో ఒక ఎర్ర గీత మిగతావాటికంటే నిటారుగా ఉంది. అంజినమ్మ ఎవరని ఆమె అడిగింది. ఆ పిల్ల ముందుకొచ్చింది.

"పదకొండు మిల్లీమీటర్లు పడిన రోజు గురించి చెప్పమంటున్నారు" అన్నాను. ఇంకేదైనా అడిగిందని చెప్పి తప్పించుకుని ఉండవచ్చు. అప్పుడు తోచలేదు.

అంజినమ్మ వేలితో తారీఖు వెతికింది. "ఆ పొద్దు వాన రాలేదు సార్. మేము సున్నా రాసింటిమి."

హెడ్మాస్టరు పుస్తకం తెప్పించి చూశాడు. సున్నానే ఉంది. ఆయన పటం వైపు చూశాడు, అతిథి వైపు చూశాడు, మొహం ఎర్రబడింది.

"కంప్యూటరు తప్పు సెప్తాదామ్మే? పోయి సూసినావా, ఇంట్లో పండుకోని రాసినావా?"

"సూసినా సార్."

"అంత దూరం నుంచి వచ్చినామె తెచ్చింది అబద్ధం, నువ్వు రాసింది నిజమా?"

ఆ రోజు వాన పడలేదని అక్కడున్న ప్రతి బిడ్డకూ తెలుసు. సెనిక్కాయ వేసిన ఇళ్ళల్లో వాన పడిన తారీఖులు ఎవరూ మరిచిపోరు. అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. రంగుల్లో అచ్చయి విమానంలో వచ్చిన కాగితం కాదంటుంటే వాళ్ళ కళ్ళు వాళ్ళకే నమ్మకం లేకుండా పోయాయి. అంజినమ్మ వేలు ఇంకా ఆ తారీఖు మీదే ఉంది. హెడ్మాస్టరు బెత్తం కోసం చేయి చాచాడు.

లెక్కలప్ప వరసలోంచి బయటికొచ్చాడు. ముందు పటం చూశాడు. పుస్తకం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి మొదటి అంకె, చివరి అంకె ఇస్తే నడుమ ఏం జరిగిందో కనుక్కోవడం ఎంతసేపు? నేను నేల వైపు చూశాను.

"పాపను ఏమీ అనొద్దండి సార్" అన్నాడు. "పాప సరిగ్గానే రాసింది. ఫ్లాపీ పంపేటప్పుడు లెక్క మార్చింది నేను."

"మీరా?"

"నేనే. సున్నాలు సూసి సూసి సిగ్గేసింది సార్. అందుకే."

నా కడుపులో ఉన్న కారణం ఆయన నోట్లోంచి వచ్చింది. టీచరమ్మ నా వైపు తిరిగి ఆయన ఏమంటున్నాడని అడిగింది. చెప్పాను. అంకెలు తానే మార్చానంటున్నాడు, సిగ్గుపడి మార్చాడట అని. ఆ రోజు నేను చేసిన తర్జుమాలో ఒక్క మాట కూడా తప్పు లేదు. ఆమె ఆయన భుజం తట్టి ఫరవాలేదంది. దాన్ని కూడా తెలుగు చేశాను.

హెడ్మాస్టరు ఆయనకు మెమో ఇచ్చాడు. గొట్టం, పుస్తకం, కంప్యూటరు గది తాళం అన్నీ నాకు అప్పగించాడు. అవి ఇవ్వడానికి మధ్యాహ్నం అంజినమ్మ స్టాఫ్ రూముకు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. కొలత గ్లాసు, పుస్తకం బల్ల మీద పెట్టి, ఆయన వైపు చూడకుండా, "రాసినోనికి తెల్సని మీరే సెప్తిరి గద సార్" అంది. ఆయన ఆ గ్లాసును తుడిచి నా వైపు జరిపాడు. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆయన క్లాసులో కూర్చుంది, పదో తరగతి పాసైంది, ఆయన మొహం మాత్రం చూడలేదు. పిల్లల జవాబులకు "ఇంగోసారి" అనడం ఆయన మానుకున్నాడు.

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నేను రోజులు నెట్టాను. ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఆయన నిజాయితీ గురించి మాట్లాడింది కూడా నేనే. వెనక వరసల్లో కొందరు పిల్లలు నవ్వారు. ఆయన తల వంచుకుని మెళ్ళో దండ సరిచేసుకున్నాడు.

ఇంకో రెండేళ్ళకు ఉండబట్టలేక వాళ్ళ ఊరికి పోయాను. చేన్లో కలుపు తీస్తున్నాడు. గట్టు మీద నిలబడి, "సార్, ఆ అంకెలు మార్చింది..." అన్నాను.

"తెల్సులేప్పా" అన్నాడు, తల ఎత్తకుండానే.

"మరి మీ మీద ఎందుకేసుకున్నారు?"

"నిన్ను పట్టిస్తే ఆ పిల్లోళ్ళకు మల్ల ఇంగ్లీసు ఎట్ల సెప్తావు? ఆ ఉత్తరాలు ఎవురు మోస్తారు? నేనంటే రేపో మాపో రిటైరయ్యి దిగిపోయేవాణ్ణి." కాసేపు కలుపు పీకాడు. అప్పుడు లేచి నిలబడ్డాడు. "నాకు సెప్పేదేముంది? ఆ పాపకు సెప్పు. నన్ను సూడకుండానే బడి ఇడిసిపెట్టి పాయె. అదొక్కటే నాకు."

చెబుతానన్నాను. అంజినమ్మ అప్పటికి పెళ్ళయి, బత్తలపల్లె దగ్గర ఒక ఊర్లో అంగన్‌వాడీలో పనిచేస్తోంది. అనంతపురం నుంచి ఎంత దూరం? ఒకసారి బస్సెక్కి బత్తలపల్లె దాకా పోయాను. దిగి, టీ తాగి, తిరుగు బస్సు ఎక్కేశాను.

ఆయన ఫోను చేసేవాడు. క్షేమ సమాచారాలయ్యాక, "పాపకు సెప్పినావా?" అనేవాడు. ఇంకా లేదు సార్ అని రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఆ ప్రశ్నను తట్టుకోలేక చెప్పినాను సార్ అన్నాను.

"ఏమనె?"

అక్కడిదాకా నేను ఆలోచించలేదు. "ఏడ్చింది సార్. మిమ్మల్ని చూడాలంది. వస్తానంది."

"వస్తాదంటనా!" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది. "మంచి పని సేసినావప్పా. నీకు పుణ్యముంటాది." ఆ తర్వాత చేసిన ఫోన్లలో ఒకటే మాట. అంగన్‌వాడీకి ఆదివారం సెలవే కదా, పాప వస్తే ఆదివారమే వస్తాదేమో అని. అంతే సార్ అనేవాణ్ణి.

ఆయన పోయాక పరామర్శకు వెళ్ళాను. ఆయన భార్య మంచినీళ్ళు ఇచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పింది. "ఆదివారమైతే సాలు సార్, ఉతికిన సొక్కా ఏసుకోని బస్సు టయానికి రోడ్డు కాడికి పోయి కూసుంటాండె. ఎవురో పాప వస్తాదని. బస్సు పాయినంక ఒక్కడే వస్తాండె. ఎవురు సార్ ఆ పాప? మీకేమైనా తెల్సా?"

తెలియదమ్మా అన్నాను.

ఇన్ని అబద్ధాల తర్వాత కూడా ఆ పిల్ల ఎదురుగా పోయి నిలబడే ధైర్యం నాకు రాలేదు. అందుకే దీన్ని అచ్చుకు ఇస్తున్నాను. నువ్వున్న ఊరికి ఈ పత్రిక వస్తుందో లేదో తెలియదు. అంజినమ్మా, ఆ అంకెలు మార్చింది మీ సారు కాదు. నేను.